వానలు పడకముందే వీల్ స్పేసర్ సంగతి తేల్చుకోండి

మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప ప్రసాదం క్యూలు కట్టారంటే, రోడ్ల మీది గుంతలు నీళ్ల కింద దాక్కునే రోజులు వచ్చినట్టే. బయట కొన్న అల్లాయ్ వీల్స్ వెనక స్పేసర్ (చక్రాన్ని బిగించే హబ్‌కు, చక్రానికి మధ్య పెట్టే లోహపు బిళ్ల) ఉన్నవాళ్లు, పెట్టించుకోబోయేవాళ్లు ఈ పని ఆలోపే చూసుకోవాలి. ఎండిన రోడ్డు మీద ఆరు నెలలు కిక్కురుమనని తప్పు, కనిపించని గుంతలో ఒక్క దెబ్బకు బయటపడుతుంది.

ముందు అసలు స్పేసర్ అవసరమా? చక్రం బయటికి పొడుచుకొస్తే బండి బాగుంటుందని పెట్టించేవాళ్లే ఎక్కువ. ఆ పని కోసమైతే వద్దు. చక్రం ఎంత బయటికి జరిగితే బేరింగ్ మీద అంత బరువు, మడ్‌గార్డ్ దాటి అంత బురద. రిమ్ముగానీ టైరుగానీ లోపల సస్పెన్షన్ స్ట్రట్‌కు (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు కడ్డీకి) తగిలినా, స్పోక్ బ్రేక్ కాలిపర్‌కు (బ్రేక్ డిస్క్‌ను పట్టి నొక్కే భాగానికి) తగిలినా మాత్రమే దాని అవసరం. అప్పుడు కూడా సరైన ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం దాకా దూరం) ఉన్న వీల్ దొరికితే అదే తీసుకోవడం మేలు.

లెక్క ఇలా ఉంటుంది. పాత రిమ్ 6జె ఈటీ45, కొత్తది 7జె ఈటీ42 అనుకోండి. 6జె అంటే రిమ్ వెడల్పు 6 అంగుళాలు, ఈటీ45 అంటే ఆఫ్‌సెట్ 45 మి.మీ. రిమ్ ఒక అంగుళం పెరిగింది కాబట్టి ఒక్కో వైపు 12.7 మి.మీ. ఎక్కువ. ఆఫ్‌సెట్ 3 తగ్గింది, అంటే మొత్తం చక్రం 3 మి.మీ. బయటికి జరిగింది. లోపలి అంచు స్ట్రట్‌కు 9.7 మి.మీ. దగ్గరైంది, బయటి అంచు 15.7 మి.మీ. బయటికొచ్చింది. 5 మి.మీ. స్పేసర్ వేస్తే లోపల 4.7, బయట 20.7 అవుతాయి. షాపులో "ఏం కాదు భాయ్, పదిది వేసేద్దాం" అంటే, ఈ లెక్క కాగితం మీద వేసి చూపించమనండి.

కాలిపర్ దగ్గర కొలవడానికి గోధుమపిండి ముద్ద చాలు. స్పోక్ లోపలి వైపు చిన్న ముద్ద అంటించి, చక్రం బిగించి, జాకీ మీదే చేత్తో ఒక చుట్టు తిప్పి ఊడదీయండి. నొక్కుకున్న చోట మందం 3 మి.మీ. కన్నా తక్కువుంటే చాలదు. స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడండి. సస్పెన్షన్ కింది ఆర్మ్‌ను జాకీతో పైకెత్తి మళ్లీ చూడండి, స్పీడ్ బ్రేకర్ మీద జరిగేది అదే.

కొనేటప్పుడు పీసీడీ (నట్ల సంఖ్య, అవి ఉన్న వృత్తం వ్యాసం మి.మీ.లో) ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. హబ్ బోర్ (మధ్యలో హబ్ కూర్చునే రంధ్రం వ్యాసం) ముఖ్యం. బలేనో, ఐ20లకు 4×100, బోర్ 54.1. పోలోకు 5×100, 57.1. క్రెటాకు 5×114.3, 67.1. బయటి అల్లాయ్‌లు చాలావాటికి బోర్ 73.1 ఉంటుంది. కాబట్టి స్పేసర్ లోపలి రంధ్రం మీ హబ్‌కు, బయటికొచ్చిన అంచు మీ వీల్‌కు అతికినట్టు కూర్చోవాలి. అలా కూర్చోకపోతే చక్రాన్ని మధ్యలో పట్టి ఉంచేది నట్లే, ఔటర్ మీద 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. అన్ని కార్లకూ సరిపోతుందంటూ పొడవాటి రంధ్రాలు కోసిన రేకుల్లాంటివి, బాలానగర్ లేత్ మీద ఏదో అల్యూమినియం ముక్కతో చేయించినవి వద్దు. 6061-టీ6 గ్రేడ్ అల్యూమినియంవి అడగండి.

ఇక స్టడ్, అంటే హబ్ నుంచి బయటికొచ్చి నట్టు ఎక్కే మరల కడ్డీ. ప్రమాదాలు పుట్టేది ఇక్కడే. నట్టు స్టడ్ మీద కనీసం దాని వ్యాసమంత లోతు ఎక్కాలి. నట్లు బిగించే గన్ను పక్కన పెట్టి, చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. 12×1.5 మర (12 మి.మీ. వ్యాసం, చుట్టుకు 1.5 మి.మీ.) అయితే 8 చుట్లు, 12×1.25 అయితే 10. మారుతి కార్లకు సాధారణంగా 1.25, హ్యుందాయ్‌కి, ఇన్నోవాకి 1.5. గ్లాంజా మీద టయోటా గుర్తున్నా లోపల బలేనోనే, దానికీ 1.25. 1.25 మర ఉన్నవాటిలో 5 మి.మీ. స్పేసర్ నాలుగు చుట్లు తినేస్తుంది. చుట్లు చాలకపోతే పొడుగు స్టడ్‌లు వేయించాలి, వెనక నర్లింగ్ (హబ్‌లో బిగిసి కూర్చునే గాట్ల భాగం) వ్యాసం పాతదానితో కలవాలి. పోలోకు నట్లు కాదు, 14×1.5 బోల్టులు. స్పేసర్ ఎంత మందమో బోల్టు అంతే పొడుగు పెరగాలి. కంపెనీ బోల్టు తల కింద గుండ్రం, బయటి అల్లాయ్‌లకు ఎక్కువగా కోన్. ఇవి కలవకపోతే ఎంత బిగించినా సన్నని గీత మీదే ఆనుతుంది.

20 మి.మీ., అంతకు మించిన మందం ఉన్న స్పేసర్లకు సాధారణంగా సొంత స్టడ్‌లు ఉంటాయి. కారు స్టడ్ కొసలు స్పేసర్ ముఖం దాటి పొడుచుకొస్తే, వీల్ వెనక వాటికి గుంట ఉండాలి. లేకపోతే వీల్ పూర్తిగా కూర్చోదు. ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు పేర్చడం మాత్రం ఎన్నడూ చేయకండి.

బిగించే ముందు హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో తళతళలాడేదాకా రుద్దండి. తుప్పు పొలుసు ఒక్కటి మధ్యలో ఇరుక్కున్నా, అది నలిగిన రోజు నట్టు వదులవుతుంది. డిస్క్‌ను పట్టుకునే చిన్న స్క్రూ తల, క్లిప్ అడ్డొస్తున్నాయేమో చూడండి. స్టీలు హబ్, అల్యూమినియం స్పేసర్ వాన నీళ్లకు అతుక్కుపోతాయి కాబట్టి హబ్ అంచుకు మాత్రం సన్నగా కాపర్ గ్రీజు పూయండి. మరలకు గ్రీజు, ఆయిల్ తగలకూడదు. ఎదురెదురు నట్లు మార్చిమార్చి, మాన్యువల్‌లో రాసిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తో బిగించండి.

50 నుంచి 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించి చూడాలి. సొంత స్టడ్‌ల రకమైతే వీల్ ఊడదీసి లోపలి నట్లు కూడా. ఆ తర్వాత ప్రతి నట్టు మీద నుంచి రిమ్ మీదికి తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత తప్పిందంటే నట్టు కదిలినట్టే. బేగంపేటలోనో మలకం చెరువు దగ్గరో నీళ్లలో ఈది వచ్చిన ప్రతిసారీ ఒకసారి వంగి చూడండి. నట్టు చుట్టూ గోధుమరంగు తుప్పు చారలు కారినా, మలుపులో టక్ టక్ అన్నా ఉన్నచోటే మళ్లీ బిగించి వెళ్లిపోవద్దు. వీల్ ఊడదీయించి రంధ్రం కోలగా అరిగిందా, స్టడ్ సాగిందా చూడాలి.

చట్టం కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వాహనంలో మార్పులకు హద్దు పెట్టింది, 2019 సవరణలో వచ్చిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాసి తెలియజేయండి, క్లెయిమ్ రోజున కాదు.

స్టెప్నీని చాలామంది మరిచిపోతారు. పొడుగు స్టడ్ వేశాక స్పేసర్ లేకుండా స్టెప్నీ వేస్తే, మూత ఉన్న నట్టు స్టడ్ కొసకు తగిలి ఆగిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది కానీ చక్రం వదులుగానే ఉంటుంది. మూత లేని నట్లు ఒక సెట్ డిక్కీలో ఉంచండి. పోలో అయితే కంపెనీ పాత బోల్టులు. పొడుగు బోల్టు లోపల డ్రమ్ములో భాగాలకు గుచ్చుకోవచ్చు. వానలో, చీకట్లో, ఫ్లైఓవర్ మీద పంక్చరైనప్పుడు వెతుక్కోకుండా స్టెప్నీ మధ్యలోనే సంచిలో కట్టి పెట్టేయండి.