ఓపెన్‌టీటీడీలో ప్యాసింజర్ రైళ్లు, గూడ్స్ రైళ్లు ఒకే లైన్ మీద గొడవ లేకుండా నడపడం ఎలా?

ఓపెన్‌టీటీడీ అంటే రవాణా కంపెనీ నడిపే కంప్యూటర్ గేమ్. అందులో మొదట ఒక బొగ్గు లైన్ వేస్తారు, డబ్బులొస్తాయి, ఆ డబ్బుతో రెండు ఊళ్ళ మధ్య ప్యాసింజర్ రైళ్లు దింపుతారు, ట్రాక్ ఎలాగూ ఉంది కదా అని అదే లైన్‌కి కలిపేస్తారు, ఇంక అక్కడి నుంచి తలనొప్పి మొదలు. గనిలో లోడ్ కోసం ఒక గూడ్స్ ఆగితే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఒక ప్యాసింజర్, అలా క్యూ ఊరి దాకా వచ్చేస్తుంది. అప్పుడు చాలామంది చేసేది పక్కన ఇంకో రెండు ట్రాకులు వేసేయడం. నన్నడిగితే అది ఆఖర్న చేయాల్సిన పని. రెండు రకాల రైళ్లకి గొడవొచ్చేది లైన్ మొత్తం మీద కాదు, గూడ్స్ ఆగే చోట, స్పీడ్‌లో తేడా వచ్చే చోట. ఆ రెండూ సర్దుకుంటే ఒక డబుల్ లైనే చాలా ఏళ్ళు లాగేస్తుంది.

(కింద చెప్పే అంకెలన్నీ గేమ్‌తో వచ్చే మామూలు టెంపరేట్ సెట్‌వి. బళ్ళు, సరుకులు మార్చే న్యూజీఆర్‌ఎఫ్ అనే యాడాన్‌లు వేసుకుని ఆడేవాళ్ళకి మారతాయి.)

1. ఎవరు ఆగొచ్చు, ఎవరు ఆగకూడదో ముందు తేల్చుకోండి

గేమ్ మూడు చూసి డబ్బులిస్తుంది: ఎంత సరుకు, ఎంత దూరం, బండిలో ఎన్ని రోజులు. దూరం అంటే మీరు వేసిన ట్రాక్ పొడవు కాదు, ఎక్కించిన స్టేషన్ నుంచి దింపిన స్టేషన్‌కి అడ్డంగా ఎన్ని గళ్ళు, నిలువుగా ఎన్ని గళ్ళు అని లెక్కేసి కలుపుతుంది, కాబట్టి చుట్టూ తిప్పితే ఎక్కువ వస్తుందని ఆశపడకండి.

ఒక టన్ను బొగ్గుకి వచ్చేది ఒక ప్యాసింజర్‌కి వచ్చే దాంట్లో దాదాపు రెట్టింపు. కానీ బొగ్గు వ్యాగన్‌లో పట్టేది 20 టన్నులు, ప్యాసింజర్ పెట్టెలో 40 మంది. అంటే పెట్టెకి పెట్టె పెట్టి చూస్తే ఇంచుమించు సమానమే, పైగా ప్యాసింజర్ రైలు రెండు వైపులా జనంతో తిరుగుతుంది, బొగ్గు రైలు వెనక్కి ఖాళీగా వస్తుంది. మరి అందరూ బొగ్గుతోనే ఎందుకు మొదలుపెడతారంటే, గని దగ్గర ఒక్క చోటే బోలెడు సరుకు దొరుకుతుంది, చిన్న ఊళ్ళో పొడవాటి రైలు నింపేంత జనం ఉండరు. సో ముందు గని, ఊళ్ళు పెరిగాక ప్యాసింజర్, ఈ ఆర్డర్ మార్చాల్సిన పని లేదు.

ఇప్పుడు టైమ్ సంగతి. బొగ్గు బండిలో పదిహేడున్నర రోజులున్నా ఒక్క పైసా తగ్గదు, ఆ తర్వాత కూడా మెల్లిగా తగ్గుతుంది. ప్యాసింజర్లకి మాత్రం మొదటి నుంచే తగ్గడం మొదలు, 60 రోజులు దాటాక రెట్టింపు స్పీడ్‌లో తగ్గుతుంది. అందుకే జంక్షన్ దగ్గర ఎవరో ఒకరు ఆగాల్సొస్తే బొగ్గునే ఆపండి, ముడి ఇనుము, చెక్క, ఆయిల్ కూడా అంతే. అన్ని సరుకులూ ఇంతే ఓపిగ్గా ఉంటాయనుకోకండి, పశువులకి 10 రోజులే టైమ్, బ్యాంకు వాల్యుబుల్స్‌కి రెండున్నర రోజులే. తమాషా ఏంటంటే ప్యాసింజర్ రైలుకే తగిలించే మెయిల్‌కి 50 రోజుల దాకా ఏం కాదు. ఇవన్నీ గుర్తుపెట్టుకోలేకపోతే గేమ్‌లోనే కార్గో పేమెంట్ రేట్స్ అని గ్రాఫ్ ఉంది, ఏ గీత నిటారుగా పడిపోతుందో చూస్తే చాలు.

2. గూడ్స్ స్టేషన్‌ని మెయిన్ లైన్ మీద నుంచి తీసేయండి

ఈ ఒక్క స్టెప్‌తోనే సగం జామ్‌లు పోతాయి.

గని దగ్గర గూడ్స్‌కి ఫుల్ లోడ్ ఆర్డర్ (నిండేదాకా కదలొద్దని) ఇస్తాం, ఇవ్వాలి కూడా, ఎందుకంటే ఎప్పుడూ ఒక బండి లోడ్ అవుతూ ఉంటే స్టేషన్ రేటింగ్ బాగుంటుంది, రేటింగ్ బాగుంటే గని తవ్విన దాంట్లో ఎక్కువ వాటా మీకొస్తుంది, స్మూత్ ఎకానమీలో (ఉత్పత్తి కొంచెం కొంచెంగా మారే సెట్టింగ్) ఆ వాటా 60 శాతం దాటితే గని ఉత్పత్తి పెరిగే ఛాన్స్ కూడా ఎక్కువ. కానీ ఫుల్ లోడ్ అంటే బండి అక్కడే పాతుకుపోతుంది. అందుకని మెయిన్ లైన్ నుంచి ఒక బ్రాంచ్ తీసి, స్టేషన్ ఆ బ్రాంచ్ చివర పెట్టండి, బ్రాంచ్ మొదలుకీ స్టేషన్‌కీ మధ్య కనీసం రెండు రైళ్లు పట్టేంత ట్రాక్ వదలండి. వెయిటింగ్ అంతా అక్కడే జరగాలి, క్యూలో ఆఖరి బండి తోక మెయిన్ లైన్ మీద ఉండకూడదు.

దించే వైపు కూడా ఇదే పని చేయండి. పవర్ స్టేషన్ దగ్గర రెండు ప్లాట్‌ఫామ్‌లతో సరిపెట్టి ఊరుకుంటారు, నాలుగు గనుల నుంచి బళ్ళు ఒకేసారి వస్తే క్యూ అటు నుంచి పెరుగుతుంది. ప్లాట్‌ఫామ్ పొడవు రైలు పొడవుకి సరిపోవాలి, బయటికి వేలాడితే లోడింగ్ బాగా స్లో అయిపోతుంది.

అన్నట్టు, క్యూ ఎప్పటికీ తగ్గట్లేదంటే తప్పు ట్రాక్‌ది కాకపోవచ్చు, ఆ గనికి బళ్ళే ఎక్కువైపోయుంటాయి. రెండు అమ్మేసి చూడండి.

3. సిగ్నల్స్

కొత్తవాళ్ళైతే మొత్తం పాత్ సిగ్నల్స్ (రైలు వెళ్ళే దారిని మాత్రమే దానికి రిజర్వ్ చేసేవి) వాడేయండి, డబుల్ లైన్ మీద వన్-వే పాత్ సిగ్నల్. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, పాత్ సిగ్నల్ ఎక్కడ పెడితే రైలు అక్కడ ఆగడానికి మీరు పర్మిషన్ ఇచ్చినట్టే. కాబట్టి జంక్షన్ లోపలికి వెళ్ళే ముందు సిగ్నల్ పెట్టండి, జంక్షన్ దాటాక వచ్చే మొదటి సిగ్నల్ మాత్రం మీ పొడవాటి గూడ్స్ మొత్తం పట్టేంత దూరంలో పెట్టండి. దగ్గరగా పెడితే గూడ్స్ ఇంజిన్ సిగ్నల్ దగ్గర ఆగుతుంది, వెనక పెట్టెలు జంక్షన్ మీదే ఉండిపోతాయి, ఖాళీ ట్రాక్ ఎదురుగా కనిపిస్తున్నా ప్యాసింజర్ కదల్లేదు. మామూలు లైన్ మీద సిగ్నల్స్ మధ్య దూరం ఒకేలా ఉంచండి, ఒక చోట ఎక్కువ గ్యాప్ వదిలితే లైన్ మొత్తం కెపాసిటీ ఆ గ్యాప్ దగ్గరికి పడిపోతుంది.

4. ప్యాసింజర్ రైలుకి ఫుల్ లోడ్ పెట్టకండి

బండిలో ఎక్కిన సరుకుకి టైమ్ లెక్క అప్పుడే మొదలైపోతుంది, రైలు ప్లాట్‌ఫామ్ మీద ఆగి ఉన్నా సరే. మొదట ఎక్కిన జనం మిగతా సీట్లు నిండేదాకా కూర్చుంటే వాళ్ళ మీద వచ్చే డబ్బు కరుగుతూ ఉంటుంది. పైగా మెయిల్ పెట్టె తగిలించి ఫుల్ లోడ్ ఆల్ అని పెడితే రెండూ నిండాలి, చిన్న ఊళ్ళో మెయిల్ ఎప్పటికి నిండేను.

దాని బదులు బళ్ళ మధ్య ఎడం ఉంచండి. కంట్రోల్ నొక్కి క్లోన్ చేస్తే బళ్ళన్నీ ఒకే ఆర్డర్లు షేర్ చేసుకుంటాయి, ఒక దాని టైమ్‌టేబుల్ ఆటోఫిల్ చేసి, తర్వాత స్టార్ట్ డేట్ పెట్టేటప్పుడు కంట్రోల్ నొక్కితే మిగతా బళ్ళన్నిటినీ సమానంగా సర్దేస్తుంది. కార్గోడిస్ట్ ఆన్ చేసి ఆడేవాళ్ళకైతే ఇది ఇంకా ముఖ్యం, అందులో ప్రతి ప్యాసింజర్‌కి వెళ్ళాల్సిన ఊరు ఒకటి ఉంటుంది, ఒక్క స్టేషన్ జామ్ అయితే మారి వెళ్ళాల్సిన జనమంతా అక్కడే గుట్టపడతారు. నెట్‌వర్క్ గట్టిపడే దాకా కార్గోడిస్ట్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది, ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళు చాలామందే ఉన్నారు.

5. స్పీడ్ తేడా తగ్గించండి

ఈ గేమ్‌లో రైలు ముందున్న రైలుని ఓవర్‌టేక్ చేయలేదు. కాబట్టి 160లో పోయే ఇంజిన్ కొన్నా ముందు 64లో పాత ఆవిరి ఇంజిన్ బొగ్గు లాగుతుంటే మీదీ 64నే. కొత్త ఇంజిన్ రాగానే అందరం ప్యాసింజర్లకి వేస్తాం, షేర్ చేసే లైన్ మీద మాత్రం ముందు గూడ్స్‌కి వేయాలి. ఆటోరీప్లేస్‌తో ఒక్క క్లిక్ పని.

రియలిస్టిక్ యాక్సిలరేషన్ (రైలు బరువు, ఎత్తు లెక్కేసే సెట్టింగ్) ఉంటే ఎత్తులు కూడా చూడాలి. సెట్టింగ్స్‌లో గూడ్స్ బరువు గుణకం పెంచుకున్నవాళ్ళకైతే లోడ్ గూడ్స్ ఎత్తు మీద నడక స్పీడ్‌కి వచ్చేస్తుంది, ప్యాసింజర్‌కి ఆ గుణకం పడదు, తేడా ఇంకా పెరుగుతుంది. రెండో ఇంజిన్ తగిలించండి లేదా నేల చదును చేయండి. బ్రేక్‌డౌన్లు ఆన్‌లో ఉంటే సర్వీసింగ్ డిపో గూడ్స్ బ్రాంచ్ మీదే పెట్టండి, మెయిన్ లైన్ మీద ఒక బండి చెడిపోతే వెనకున్నవన్నీ ఆగాల్సిందే.

6. అప్పటికీ చాలకపోతే అదనపు ట్రాక్

మొత్తం నాలుగు లైన్లు అక్కర్లేదు. ఎత్తు ఎక్కే ముక్క, పెద్ద ఊరి ముందు ముక్క, ఈ రెండు చోట్ల పక్క ట్రాక్ వేసి, దాని మీద ఒక వేపాయింట్ (బండి ఆగకుండా మీదుగా వెళ్ళే గుర్తు) పెట్టి, గూడ్స్ ఆర్డర్లలో ఆ వేపాయింట్ మీదుగా వెళ్ళమని చేర్చండి. వేపాయింట్ లేకుండా వదిలేస్తే రైళ్లు ఏది ఖాళీగా ఉంటే దాంట్లోకి దూరతాయి, మీరు ఖర్చుపెట్టి వేసిన ఫాస్ట్ ట్రాక్‌లో మళ్ళీ బొగ్గే కనిపిస్తుంది. పక్క ట్రాక్ మళ్ళీ కలిసే చోట గూడ్స్ నిలబడటానికి దాని పొడవంత జాగా వదలడం మర్చిపోకండి.

ఏడాది తిరిగాక రైళ్ల లిస్టుని పోయినేడాది లాభం మీద సార్ట్ చేసి చూడండి. ఒకే ఆర్డర్లున్న ప్యాసింజర్ రైళ్లలో ఒక్కటే బాగా కిందకి పడితే దాన్ని ఫాలో అయి ఎక్కడ ఆగుతుందో చూడండి, అన్నీ కలిసి పడితే మాత్రం అవి వెళ్ళే దారిలో ఏదో ఒక గూడ్స్ బ్రాంచ్ నిండిపోయి తోక బయటికొచ్చి ఉంటుంది, ముందు అక్కడికెళ్ళండి.