దసరా సేల్‌లో కెమెరాలు కొనేముందు మీ వైఫై సంగతి చూసుకోండి

ఏటా ఇదే వరస. దసరా సేల్ రాగానే కెమెరాలు, రంగు బల్బులు, ఫోన్‌తో ఆన్ చేసే ప్లగ్గులు చవగ్గా వస్తున్నాయని కొనేస్తాం, దీపావళికల్లా టీవీలో సినిమా ఆగి గుండ్రం తిరుగుతూ ఉంటుంది. పోయినేడు నేనూ అంతే. నెల్లూరు బాలాజీ నగర్‌లో మాది మేడ ఇల్లు, నాలుగు కెమెరాలు, ఆరు బల్బులు ఒక్క ఆదివారంలో బిగించేశా. సాయంత్రం బెంగళూరు నుంచి మేనల్లుడు వీడియో కాల్‌లో "ఏంది మామా, నోరు ముందు కదల్తా ఉంది, మాట తర్వాత వస్తా ఉంది" అని ఒకటే నవ్వు. నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే ప్లాన్ పెంచుకోమన్నారు. పెంచా. తేడా ఏమీ లేదు.

కాబట్టి ముందు లోపం లైన్‌లో ఉందా, వైఫైలో ఉందా తేల్చుకోండి. ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో తగిలించి స్పీడ్ చూడండి. అక్కడ 100 ఎంబీపీఎస్ (నెట్ వేగానికి కొలత) వచ్చి పడగ్గదిలో వైఫై మీద 8 వస్తుంటే ఎంత పెద్ద ప్లాన్ వేసుకున్నా దండగే.

ఈ చవక వస్తువులు దాదాపు అన్నీ వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్ మీదే నడుస్తాయి. అందులో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్లు, అంటే దారులు, మూడే: 1, 6, 11 నంబర్లవి. పక్కింటివాళ్లూ, పై వాటావాళ్లూ అందరూ అక్కడే ఉంటారు. పైగా ఒక ఛానల్లో ఒకసారికి ఒక్కటే మాట్లాడాలి, మిగతావి ఆగాలి. గేటు దగ్గర సిగ్నల్ సరిగా అందని కెమెరా ఉందనుకోండి, అది నత్తలా పంపిస్తూ కూర్చుంటుంది, ఇరుకు దారిలో ముందు ఎద్దుల బండి పోతుంటే వెనక కారు ఉండి ఏం లాభం? మా ఇంట్లో దొంగ అదే. రౌటర్‌ని ఇనప బీరువా వెనకనుంచి తీసి హాల్లో ఎత్తుగా పెట్టి, ఛానల్ మార్చి, ఫోన్లూ టీవీ 5 గిగాహెర్ట్జ్ అనే వేరే బ్యాండ్‌కి తిప్పేసరికి సగం బాధ తీరింది.

మిగతా సగం అప్‌లోడ్, అంటే మన ఇంట్లోంచి నెట్‌లోకి పోయేది. కెమెరా రోజంతా వీడియోని క్లౌడ్‌కి (నెట్‌లో ఉండే సర్వర్లకి) పంపుతుంటే ఒక్కోదానికి సుమారు 1 నుంచి 2 ఎంబీపీఎస్ పోతుంది, అప్‌లోడ్ నిండిందంటే వీడియో కాల్ ఆగినట్టే. మెమరీ కార్డులో రికార్డయ్యేలా, కదలిక ఉంటేనే పంపేలా పెట్టండి. సిగ్నల్ పెంచుతుందని చవక రిపీటర్ మాత్రం కొనొద్దు, అది విన్నదాన్నే అదే ఛానల్లో మళ్లీ చెబుతుంది, ఉన్న స్పీడు సగమవుతుంది. దూరం గదికి కేబుల్ లాగించడమే మేలు.

అన్నీ ఒకేసారి బిగించకండి. రోజుకొకటి పెట్టి చూస్తే ఏది తగిలించాక మొదలైందో తెలిసిపోతుంది. కెమెరాలకి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చేయండి, వీలుంటే గెస్ట్ నెట్‌వర్క్‌లో (రౌటర్‌లోనే విడిగా పెట్టుకునే రెండో వైఫై) పెట్టండి.

మా నెల్లూరు వైపు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కదా. ఉరుములు వినపడగానే రౌటర్ అడాప్టర్ పీకేయండి, ఫైబర్ లైనే కదా అనుకోవద్దు, దెబ్బ కరెంటు వైరు మీదుగా వస్తుంది. కాలిపోయి కొత్తది పెట్టాల్సి వస్తే పాత వైఫై పేరు, పాస్‌వర్డే ఇవ్వండి. లేకపోతే స్టూలెక్కి ఒక్కో బల్బూ మళ్లీ కలుపుకుంటూ కూర్చోవాలి, నాకైతే మధ్యాహ్నమంతా పట్టింది.