కష్టకాలంలో మానస పూజ చేసుకునే విధానం

ఆసుపత్రి వరండాలో డాక్టరు మాట కోసం ఎదురుచూసేవారికి పూలూ దీపమూ అందుబాటులో ఉండవు. స్తోత్రం చదవబోయినా నోరు చదువుతూనే ఉంటుంది, మనసు మాత్రం భయం చుట్టూ తిరుగుతుంది. అటువంటి వేళకు తగినది మానస పూజ. ఆదిశంకరుల పేరున ప్రసిద్ధమైన శివ మానస పూజా స్తోత్రంలో రత్నపీఠం, చల్లని నీటి స్నానం, కస్తూరి గంధం, జాజి, సంపెంగ, మారేడు దళాలు, పాయసం, తాంబూలం అన్నీ భావనలోనే సమర్పిస్తారు.

వెన్ను నిటారుగా ఉంచి కూర్చుని, ఊపిరిని నెమ్మదిగా విడవండి. చిన్నప్పటి నుంచి చూస్తున్న మూర్తినే, మీ ఇంటి పూజగదిలోని పటమైనా సరే, తలచుకోండి. కొత్త రూపాన్ని ఊహించబోతే మనసు అలసిపోతుంది. పాదాల నుంచి ముఖం వరకు చూపును నిదానంగా నడిపించి, ఆ తరువాత స్వామిని ఆహ్వానించండి.

పదహారు ఉపచారాలూ పూర్తిచేయాలన్న నియమం పెట్టుకోవద్దు. నా దృష్టిలో అభిషేకం ఒక్కటే శ్రద్ధగా చేసినా చాలు. నీళ్లు నిండిన రాగి చెంబు బరువు చేతికి తెలియాలి. సన్నని ధార శిరస్సు మీద పడి, భుజాల మీదుగా జారి, పాదాల దగ్గర చేరడం కనబడాలి. ఆ పైన మెత్తని వస్త్రంతో తడి అద్ది, గంధం అలది, పువ్వును తొడిమ దగ్గర పట్టుకుని ఉంచాలి. మాటలకు నిలవని మనసు ఇలా చేతికి పని దొరికినప్పుడు నిలుస్తుంది. శివభక్తుల కథలు చెప్పే తమిళ గ్రంథం పెరియ పురాణంలోని పూసలార్ నాయనారు అనే భక్తుడు గుడి కట్టడానికి ధనం లేక, పునాది నుంచి శిఖరం వరకు మనసులోనే కట్టి, కుంభాభిషేకానికి ముహూర్తం కూడా పెట్టుకున్నాడు. ఆయన ఊరైన తిరునిన్రవూరులో, చెన్నై దగ్గర, హృదయాలీశ్వరాలయం నేటికీ ఉంది.

నడుమ భయం వస్తుంది, రానివ్వండి. “స్వామీ, రేపటి ఆపరేషన్ తలచుకుంటే నాకు భయంగా ఉంది” అని ఉన్నదున్నట్లు తెలుగులోనే విన్నవించుకుని, పూజ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగించండి. మామూలు రోజుల్లో కూడా పడుకునే ముందు కాసేపు అలవాటు చేసుకుంటే ఆపదలో మూర్తి త్వరగా కుదురుతుంది.

అయితే నిద్రాహారాలు చెడినా, బతకాలన్న ఆశ సన్నగిల్లినా పూజతోనే సరిపెట్టుకోకుండా వైద్యుని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి.