ఆయుధ పూజకు ముందు డీగ్రీజింగ్ ట్యాంకు దగ్గర

ఆయుధ పూజ దగ్గరపడిందని బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో వారం ముందే తెలిసిపోతుంది. గేట్ల ముందు బూడిద గుమ్మడికాయలు, బంతిపూల మూటలు, బొరుగుల సంచులు దిగుతాయి. షెడ్డులో లేత్ మిషన్ల దగ్గర్నుంచి ఓనర్ కారు దాకా అన్నీ తోమిస్తారు. ఏడాదంతా ఎవరూ పట్టించుకోని డీగ్రీజింగ్ ట్యాంకు, అంటే లోహపు భాగాల జిడ్డు వదిలించే తొట్టి కూడా ఆ వారమే గుర్తొస్తుంది. దాన్ని కడిగే పని ఎవరికి పడుతుంది? హిందూపురం నుంచో మదనపల్లె నుంచో నెల కిందట దిగిన హెల్పర్‌కి. చాలా ఏళ్లుగా ఈ షెడ్లలో మెయింటెనెన్స్ పని చేస్తున్న నాకు ఏడాది మొత్తం మీద భయం పుట్టించేది ఈ వారమే.

ట్యాంకులో ఉండేది ట్రైక్లోరోఎథిలీన్. టీసీఈ అంటాం, ట్రైక్లోర్ అంటాం. నీళ్లలా తేటగా ఉంటుంది, జాబ్ (మనం తయారుచేసే భాగం) మీది జిడ్డును ఇట్టే వదిలిస్తుంది, వాసన కాస్త తియ్యగా ఉంటుంది. ఆ వాసనను నమ్మొద్దు. కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది, ఆవిరి మాత్రం అక్కడే ఉంటుంది. అది గాలికంటే నాలుగున్నర రెట్లు బరువు. అందుకే పైకి లేచి పోదు, ట్యాంకు అడుగున, గుంటల్లో కూర్చుంటుంది. నిండుగా ఉన్న ట్యాంకును చూసి అందరూ జాగ్రత్తపడతారు. మనుషుల ప్రాణం తీసేది తోడేసిన ట్యాంకే, ఖాళీయే కదా అని దిగుతారు కాబట్టి.

ఒకసారి నాకూ అయింది. ఒక షెడ్డులో స్పానర్ ట్యాంకులో పడితే అందుకుందామని నడుము దాకా లోపలికి వంగాను. నాలుగుసార్లు ఊపిరి పీల్చానో లేదో, కాళ్లు తేలిపోయినట్టయింది, ఎక్కడున్నానో తెలియలేదు. వెనకున్న అన్న బెల్టు పట్టుకుని ఇవతలికి లాగాడు. లాగి, ‘పొద్దున్నే తాగొచ్చినావేమిరా?’ అని తిట్టాడు. ఆయన తప్పు లేదు, చూసేవాళ్లకు అలాగే ఉంటుంది. మాట ముద్దగా రావడం, తూలడం, తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండడం, ఊరికే నవ్వడం: డీగ్రీజింగ్ దగ్గర ఎవరైనా ఇలా ఉంటే తిట్టడం తర్వాత, ముందు బయటి గాలికి తీసుకుపోండి.

కడగాలంటే పని ముందు రోజే మొదలవ్వాలి. హీటర్ ఆపేయండి, ఆవిరిని చల్లార్చి పైకి రాకుండా ఆపే కూలింగ్ కాయిల్‌లో నీళ్లు మాత్రం ట్యాంకు పూర్తిగా చల్లారేదాకా నడవనివ్వండి. వేడి ఉండగా కాయిల్ ఆపితే ఆవిరంతా షెడ్డులోకి పొంగుతుంది. ట్యాంకు నడుస్తున్నప్పుడు ఉక్కగా ఉందని పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టడం కూడా ఇలాంటి పొరపాటే, ఆ గాలి ఆవిరిని ఎగదోసి మన ముఖానికే తెస్తుంది. తోడేశాక సంగతి వేరు. అప్పుడు అడుగునున్న గాలిని ఎగ్జాస్ట్ గొట్టంతో లాగి బయటికి పంపాలి. అడుగున పేరుకున్న మడ్డిని పక్కనున్న క్లీనింగ్ డోర్ తీసి, పొడవాటి పిడి ఉన్న గరిటెతో బయట నిలబడే లాగాలి.

లోపలికి దిగొద్దు. దిగక తప్పదని సూపర్వైజర్ అంటే రాతపూర్వక పర్మిట్, గాలి కొలిచే మీటర్, బయటి నుంచి గొట్టంతో గాలి అందే మాస్క్, నడుముకు తాడు, పైన తాడు పట్టుకుని కదలని మనిషి అడగండి. ఇందులో ఏది లేకపోయినా పని ఆగాలి. లోపల మనిషి పడిపోతే వెంటనే దూకేవాడే రెండో శవం అవుతాడు. తాడుతో లాగండి, 108కి ఫోన్ చేయండి. వచ్చిన డాక్టర్‌కు ‘గ్యాస్ పట్టింది’ అనొద్దు, టీసీఈ అని పేరు చెప్పండి. ఇది గుండె లయను దెబ్బతీయగలదు. అలాంటి మనిషికి అడ్రినలిన్ ఇవ్వాల్సి వస్తే డాక్టర్ ముందే జాగ్రత్తపడాలి.

ముక్కుకు కర్చీఫ్ కట్టుకున్నా, ఎన్95 పెట్టుకున్నా ఈ ఆవిరి ఆగదు. బయట నిలబడి చేసే చిన్న పనికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. మామూలు రబ్బరు, నైట్రైల్ గ్లవ్స్‌ను ఇది కాసేపట్లోనే దాటి చర్మానికి చేరుతుంది. విటాన్ అనే ప్రత్యేక రబ్బరు గ్లవ్స్ ఆపుతాయి. రేటు వింటే ఓనర్ ముఖం మాడుతుంది, మాడనివ్వండి.

మడ్డి వదలడం లేదని కొందరు కాస్టిక్ సోడా కలుపుతారు. అది మాత్రం చేయకండి. రెండూ కలిస్తే డైక్లోరోఅసిటిలీన్ పుడుతుంది, అది విషమే కాదు, పేలుతుంది కూడా. పక్కన వెల్డింగ్ జరుగుతున్నా, ఎవరైనా బీడీ ముట్టించినా ఆ వేడికి ఆవిరి విరిగి ఫాస్జీన్ అనే విషవాయువు అవుతుంది. దాని దెబ్బ కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో బయటపడుతుంది, అప్పటిదాకా మనిషి బాగానే కనిపిస్తాడు.

పూజ సాయంత్రం మందు పార్టీ సంగతి మీకు తెలియనిది కాదు. టీసీఈ పీల్చినవాడు తాగితే ముఖం, మెడ ఎర్రగా కందిపోతాయి. అందరూ సరుకు కల్తీ అనుకుంటారు. కొన్నాళ్లు మందుకు దూరంగా ఉండండి, లివర్‌కు ఒక భారం చాలు.

కొత్తగా చేరినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పని మొదలైన నెల, నెలన్నర లోపు జ్వరంతో పాటు ఒంటినిండా దద్దుర్లు, కళ్లు పచ్చబడడం కనిపిస్తే అది ఉక్కపొక్కులు కాదు, బస్సెక్కి ఊరికి పోయి నాటుమందు తినే జబ్బూ కాదు. కొందరి శరీరానికి టీసీఈ అస్సలు పడదు, ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, తగ్గాక కూడా ఆ ట్యాంకు దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు. గర్భిణులను ఆ షెడ్డు ఛాయలకు రానివ్వకండి.

మడ్డిని మోరీలో పోయించకండి. నీళ్లకంటే బరువు కాబట్టి భూమిలోకి దిగి బోరు నీళ్లలో కలుస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. మిగిలింది వాటర్ బాటిల్లో పోసి పెట్టడం ఇంకా ఘోరం, దాహమేసినవాడు ఎత్తి తాగేస్తాడు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే దీన్ని మనుషుల్లో కిడ్నీ క్యాన్సర్ తెచ్చే పదార్థంగా తేల్చింది. 2024 డిసెంబర్‌లో అమెరికా నిషేధం ప్రకటించింది. ఆ జబ్బు ఏళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి మీరు నాలుగు కంపెనీలు మారి ఉంటారు. అందుకే డ్రమ్ము మీది లేబుల్‌ను ఇవాళే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఆ ట్యాంకు దగ్గర పనిచేశారో రాసుకోండి. పే స్లిప్పులు, ఈఎస్ఐ నంబర్ పారేయకండి. కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నా సరే, ఈఎస్ఐ కట్ అవుతోందో లేదో ఈ నెల స్లిప్పులోనే చూసుకోండి.