మార్స్ దగ్గరికి వచ్చినంక సిబ్బంది ఆగమైతుంటే: ఏది ఎందుకు చెడుతది, ఎట్ల సరిచేయాలె

మా బడి సైన్స్ క్లబ్బుల మూడేండ్ల సంది ఒక ఆట ఆడిపిస్తున్న. ఆరుగురు పిల్లలు నౌక సిబ్బంది, ల్యాబ్ రూమే నౌక, వరండాల కూసున్న నలుగురు భూమి. ఇంధనం అంటే స్టీలు గ్లాసుల వంద చింతగింజలు. మార్స్ ఇంకా పది రోజుల దూరం ఉన్నకాడ ఆట మొదలైతది, కక్ష్యల కుదురుకుంటే అయిపోతది. హాలియా దిక్కు ఇంకో రెండు బడులల్ల ఇదే ఆట మొదలువెట్టిన సార్లు, దారంతా మంచిగనే పోతున్నరు గని చేరే టైముకు అంతా చెడుతున్నది ఏం చేయాలె అని అడిగిన్రు. నేను చూసినంతల పిల్లలు తప్పు చేసే జాగలు, నిజం నౌకలు చెడిన జాగలు దాదాపు ఒక్కటే, అందుకే రెండూ కలిపి రాస్తున్న.

సమస్య: ప్రతిదానికి భూమిని అడుగుతున్నరు, జవాబు వచ్చేసరికి గ్రహం దాటిపోతున్నది

కారణం ఏందంటే వరండా పక్కకే ఉన్నది గదా, కేకేస్తే పలుకుతరు అనుకుంటరు. కని మార్స్ దగ్గర ఉన్నప్పుడు మాట చేరనీకి 3 నిమిషాలు, బాగ దూరం ఉన్నప్పుడు 22 నిమిషాల దాంక పడతది. మంగళయాన్ చేరిన రోజు, 2014 సెప్టెంబర్ 24న, 12 నిమిషాల పైన ఉండె. అడిగి జవాబు తెచ్చుకునుడంటే దాదాపు 25 నిమిషాలు, ఇంజన్ మండాల్సిందే 24 నిమిషాలు, ఇగ అడిగి ఏం లాభం చెప్పుండ్రి.

ఏం చేయాలె: ఒక పిల్లగాన్ని గడియారంతోని గుమ్మంల నిలబెట్టి, ప్రతి చిట్టీ 12 నిమిషాలు వాని చేతిలనే ఉంచుండ్రి. పీరియడ్ సాలకుంటే 6 చేయుండ్రి. పోయినేడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె "ఇంజన్ ఆపాల్నా" అని చిట్టీ పంపి, గ్లాసుల చెయ్యి పెట్టుకొని గింజ తీయక వదలక అట్లనే గుమ్మం దిక్కు చూసుకుంట కూసున్నది, చిట్టీ మలిగి వచ్చేసరికి ఆట అయిపోయింది. మళ్ల వారం ఆమెనే నోట్‌బుక్కుల రెండు పేజీలు నింపుకొని వచ్చింది, ఇట్లయితే ఇది చేయాలె అట్లయితే అది చేయాలె అని. మంగళయాన్‌కు కూడా చేసింది అదే, ఆఖరు రోజు చేయాల్సిన పనులన్నీ పది రోజుల ముందే, సెప్టెంబర్ 14, 15 తారీకులల్ల పంపి పెట్టిన్రు.

సమస్య: ఇంజన్ పెట్టిన కొద్దిసేపటికే ఆగిపోయింది

ఇది నేనే ఆపద రాసిన కార్డు ఒకటి తీసి చెప్త, అప్పుడు పిల్లల మొకాలు చూడాలె. ముందుగాల వాళ్లకు అర్థం కావాల్సింది, గ్రహం తనంతట తాను మనల్ని పట్టుకోదు. మనం వేగం తగ్గించుకోకపోతే దారి కొంచెం వంచి అవతలికి పంపిస్తది అంతే. మంగళయాన్ సెకండుకు 1.1 కిలోమీటర్ల వేగం తగ్గించుకుంటేనే కక్ష్యల పడ్డది.

కారణం చానాసార్లు ఊకె ఉండుడే. యాసంగి అయినంక మూలకు పెట్టిన మోటరు వానకాలం ముందట ఒక్కసారి తిప్పి చూడకపోతే జామ్ అయితది, మనకందరికీ తెలిసిందే. మంగళయాన్ పెద్ద ఇంజన్ 300 రోజులు ఊకెనే ఉన్నది, అందుకే రెండు రోజుల ముందు, సెప్టెంబర్ 22న, 4 సెకండ్లు మండించి చూసిన్రు. అది పనిచేయకపోతే ఎనిమిది చిన్న ఇంజన్లతోని చేసే ఉపాయం కూడా పక్కకు పెట్టుకున్నరు. మన ఆటల కూడా చేరే రెండు రోజుల ముందు ఒక గింజ ఖర్చు పెట్టి ఇంజన్ చూసుకోనీయుండ్రి, ఆ గింజ దండుగ కాదు.

ఇంజన్ నిజంగనే పోతే? ఆట అయిపోయినట్టు కాదు. జపాన్ నౌక అకాత్సుకి 2010 డిసెంబర్‌ల శుక్రుని దగ్గర 12 నిమిషాలు మండాల్సిన ఇంజన్ మూడు నిమిషాలు కూడా మండక ఆగింది, వాల్వుల ఉప్పు లాంటిది పేరుకొని మూసుకపోయింది. వాళ్లు వదిలిపెట్టలే, సూర్యుని సుట్టు ఐదేండ్లు తిప్పుకొని 2015 డిసెంబర్ 7న చిన్న ఇంజన్లతోని 20 నిమిషాలు మండించి కక్ష్యల పెట్టిన్రు. ఇది చెప్పంగనే పిల్లలు ఏడుపు మొకాలు ఇడిసిపెట్టి మిగిలిన గింజలు లెక్కవెడతరు.

సమస్య: లెక్క కరెక్టే ఉన్నది, నౌక మాత్రం మస్తు కిందికి దిగింది

కొలత చూడుండ్రి. మాకు ఇది చెప్పనీకి కష్టం లేదు, సాగర్ డ్యాం దాటితే అవతల భూమి సెంట్లల్ల చెప్తరు, మనం గుంటలల్ల చెప్తం. గుంటంటే రెండున్నర సెంట్లు, పది గుంటలని రాసిన కాయితాన్ని పది సెంట్లని చదివితే పొలంల ఐదింట్ల మూడు వంతులు పాయె. నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌కు 1999 సెప్టెంబర్ 23న అయింది గిదే, ఇంజన్ల తోపుడు బలం ఒక టీమ్ పౌండ్లల్ల ఇచ్చింది, ఇంకో టీమ్ న్యూటన్లనుకున్నది, 4.45 రెట్లు తేడా. 226 కిలోమీటర్ల ఎత్తుల పోవాల్సింది 57 కిలోమీటర్లకు దిగింది, నౌక పాయె. కాబట్టి చిట్టీల అంకె పక్కకు కొలత రాయకుంటే ఆ చిట్టీ చెల్లదు అని రూల్ పెట్టుండ్రి, నేను దీంట్ల ఎవ్వలికీ మాఫీ ఇయ్య.

సమస్య: ఎత్తు మైనస్ చూపిస్తున్నది

కొలిచే పరికరం ఒక్కదాన్నే నమ్మితే ఇట్లయితది. 2016 అక్టోబర్ 19న యూరప్ వాళ్ల నౌక స్కియాపరెల్లి మార్స్ మీద దిగుతుంటే తిరుగుడు కొలిచే పరికరం ఒక్క సెకండు పాటు తప్పు రీడింగు ఇచ్చింది, కంప్యూటర్ అది పట్టుకొని నేల కింద ఉన్నమనుకొని పారాచూట్ ఇడిసిపెట్టి ఇంజన్లు ఆపేసింది, అప్పటికి నేల ఇంకా 3.7 కిలోమీటర్లు ఉన్నది. ఎత్తు కొలిచే రాడార్ మంచిగనే పనిచేస్తుండె. రెండో రీడింగు కలవకుంటే ఏ పనీ చేయొద్దని పిల్లలకు ముందే చెప్పుండ్రి.

చిన్న చిన్నయి రెండు. మాట ఆగిపోతే భయపడొద్దు, నౌక గ్రహం ఎనకకు పోతే సిగ్నల్ రాదు, మంగళయాన్ ఇంజన్ మండుతున్నప్పుడే అట్ల ఎనకకు పోయింది. మళ్ల ఎన్నిటికి రావాలెనో ముందే రాసి పెట్టుకుంటే సాలు. ఇగ మనుషులు పోయే నౌక అయితే, దిగంగనే కాళ్లు వణుకుతయి, తల తిరుగుతది, బరువు లేక నెలలు ఉంటే కండ, ఎముక తగ్గుతయి. అంతరిక్ష కేంద్రంల ఉన్నోళ్లు రోజూ దాదాపు రెండు గంటలు వ్యాయామం చేసేది దీనికే, మా ఆటల కూడా సిబ్బంది రోజుకు ఇరవై గుంజీళ్లు తీయాలె.

ఆఖరుకు గ్లాసు చూడుండ్రి. కక్ష్యల పడ్డా కూడా పది గింజలన్నా మిగలకుంటే నేను గెలిచినట్టు రాయను, ఆడ ఉండనీకి, దారి సరిచేసుకోనీకి కూడా ఇంధనం కావాలె గదా. మంగళయాన్ ఆరు నెలల పని కోసం పోయింది, మిగిలిన ఇంధనంతోనే ఎనిమిదేండ్లు మార్స్ సుట్టు పనిచేసింది, 2022ల గాని దాని మాట ఆగలే.