దేశం దాటేముందు హోమ్‌లోన్ ఈఎంఐ తగ్గించుకున్నా – నా అనుభవం

కెనడా ప్రయాణం దగ్గరపడింది. హన్మకొండ ఇంటి లోన్ 20 లక్షలు మిగిలుంది, ఈఎంఐ 23,300. దానికితోడు క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్లు, ఈమెయిళ్లు, వేరే బ్యాంకుకు మార్చే ప్రయత్నం, ఏవీ ఫలించలేదు.

చివరికి బ్రాంచికే వెళ్లి తెల్లకాగితం మీద రెండే అడిగాను: పాత 9.5 శాతం వడ్డీని రెపో రేటుకు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ రేటు) ముడిపడ్డ వడ్డీకి మార్చండి, మిగిలిన 12 ఏళ్ల గడువును 18 ఏళ్లు చేయండి. "వడ్డీ తగ్గితే గడువు కుదించొద్దు, ఈఎంఐ తగ్గించండి" అని విడిగా రాసి కింద గీత గీశాను. ఇది రాయకపోతే చాలాసార్లు ఈఎంఐ అలాగే ఉంచి గడువే తగ్గిస్తారు. నా కాపీ మీద ఊదారంగు ముద్ర, తేదీ వేయించుకున్నాకే కౌంటర్ వదిలాను. మార్పిడి ఫీజు కట్టాక కొత్త వాయిదాల పట్టిక అడిగి తీసుకున్నాను. వడ్డీ 8 శాతం, ఈఎంఐ సుమారు 17,500.

మిగిలిన 5,800 ప్రతినెలా ముందు కార్డుకే కట్టాను. దాని వడ్డీయే అన్నిటికన్నా ఎక్కువ. తర్వాత పర్సనల్ లోన్.

నాది ఫ్లోటింగ్ రేటు, అంటే ఎప్పటికప్పుడు మారే వడ్డీ; వయసు కూడా కలిసొచ్చింది. రిటైర్మెంట్ దగ్గరున్నవాళ్లకు అంత గడువు ఇస్తారనుకోను. మొత్తం వడ్డీ భారం మాత్రం పెరుగుతుంది. ఫ్లోటింగ్ హోమ్‌లోన్‌కు ముందస్తు చెల్లింపు పెనాల్టీ లేదు కాబట్టి, కెనడాలో జీతం మొదలవగానే లోన్ అసలు మొత్తాన్ని తగ్గించేస్తాను.