ఒకే ద్రాక్ష, మూడు చోట్లు: షిరాజ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

ఏ ప్రాంతపు వైన్ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఖరీదైన సీసాలు అక్కర్లేదు. ఒకే ద్రాక్షతో మూడు చోట్ల చేసిన మూడు మామూలు సీసాలు, వాటిని ఒకే సాయంత్రం పక్కపక్కన పెట్టే తీరిక ఉంటే చాలు. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి తాగితే చివరికి గుర్తుండేది లేబుల్, ధర మాత్రమే.

మొదటిసారికి షిరాజ్ మంచిది. ఫ్రాన్స్‌లో సిరా అన్నా, ఆస్ట్రేలియాలో షిరాజ్ అన్నా ఒకే ద్రాక్ష. నాసిక్‌లో కూడా పండుతుంది. ఊరు మారితే దీని తీరు బాగా మారుతుంది కాబట్టి అలవాటు లేని నాలుకకు కూడా తేడా తెలుస్తుంది.

ఏ సీసాలు కొనాలి

ఒకటి నాసిక్ షిరాజ్, ఒకటి ఆస్ట్రేలియా షిరాజ్, ఒకటి ఫ్రాన్స్ సిరా. ఆస్ట్రేలియా సీసా మీద ‘బరోసా’ అని, అంటే దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆ ఒక్క ప్రాంతం పేరు, ఉంటే మేలు. ‘సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా’ అని ఉంటే అది అనేక రాష్ట్రాల తోటల నుంచి కలిపిన సరుకు కావచ్చు. తాగడానికి బాగానే ఉంటుంది గానీ ఒక ప్రాంతం గురించి పెద్దగా ఏమీ చెప్పదు.

ఫ్రాన్స్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. రోన్ లోయ సిరాకు పేరున్నది కదా అని ‘కోట్ దు రోన్’ ఎర్ర వైన్ తెచ్చుకుంటారు. అందులో సాధారణంగా ప్రధానమైనది గ్రెనాష్ అనే వేరే ద్రాక్ష, సిరా దానికి తోడు. అప్పుడు మీరు రెండు ప్రాంతాలను కాదు, రెండు ద్రాక్షలను పోలుస్తున్నట్టు. లేబుల్ మీద ‘సిరా’ అని రాసి ఉన్న, దక్షిణ ఫ్రాన్స్‌లోని పేయీ దాక్ ప్రాంతపు సీసా తీసుకోండి. ఐరోపా నిబంధన ప్రకారం ద్రాక్ష పేరు రాస్తే అందులో కనీసం 85 శాతం అదే ద్రాక్ష ఉండాలి. ఇంకాస్త పెట్టగలిగితే ఉత్తర రోన్‌లోని క్రోజ్-ఎర్మిటాజ్ ఎంచుకోండి, తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది.

డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్నవాళ్ళు మూడింటికీ ఒకే ధర పెట్టుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడల్లో ఆ లెక్క పనికిరాదు. విదేశీ సీసా ధరలో పన్నులే పెద్ద వాటా. అందుకే ధర కాకుండా స్థాయి చూసుకోండి: ఒక కంపెనీ తయారుచేసే వాటిలో మొదటి మెట్టు సీసాను ఇంకో కంపెనీ మొదటి మెట్టు సీసాతోనే పోల్చాలి. ‘రిజర్వ్’ అని రాసినదాన్ని మామూలుదాని పక్కన పెట్టకండి. రిజర్వ్‌లో చాలాసార్లు వైన్‌ను నిల్వ ఉంచిన ఓక్ చెక్క పీపా వాసనే ముందుకొచ్చి ఊరి తేడాను కప్పేస్తుంది.

మన వైన్ షాపుల్లో బీరు, విస్కీ కదిలినంత వేగంగా వైన్ కదలదు. ఎండాకాలమంతా పై అరలో నిలబడి ఉడికిన సీసాలు ఉంటాయి. ఏసీ ఉన్న షాపులో, కింది అర నుంచి అడిగి తీసుకోండి. మూత పైకి ఉబ్బినా, మెడ దగ్గర జిగురుగా కారిన గుర్తు ఉన్నా వద్దనండి. సంవత్సరం కూడా చూడండి, మూడింటి మధ్య రెండేళ్ళకు మించి తేడా ఉండకూడదు. నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా, బరోసాలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఫ్రాన్స్‌లో సెప్టెంబర్ ప్రాంతంలో. అంటే లేబుల్ మీద ఒకే సంవత్సరం ఉన్నా ఫ్రాన్స్ వైన్ ఆరేడు నెలలు చిన్నది.

చల్లదనం

పోలిక చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ‘రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అన్నది చలిదేశాల గదుల సంగతి. మన ఇంట్లో 32 డిగ్రీలుంటే ఆ వైన్‌లో ఆల్కహాల్ ఘాటు తప్ప ఏదీ తెలియదు. షిరాజ్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. మన వాతావరణంలో సీసాను ఫ్రిజ్‌లో దాదాపు గంటన్నర ఉంచాలి. తొందరైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి మెడ దాకా ముంచితే పది నిమిషాల్లో పనవుతుంది. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే ఆలస్యం, సీసా చుట్టూ నీళ్ళు తగలాలి. మరీ చల్లబరిస్తే వాసన మూసుకుపోతుంది, వగరు పెరుగుతుంది. మూడు సీసాలూ ఒకేసారి లోపల పెట్టి ఒకేసారి తీయడం ముఖ్యం. ఒకటి 15, ఇంకొకటి 22 డిగ్రీలుంటే మీరు రాసుకునేదంతా ఫ్రిజ్ గురించే.

గది, గ్లాసులు

వంటింట్లో పోపు పెట్టిన గంట దాకా మొదలుపెట్టకండి. అగరుబత్తి, సాంబ్రాణి, అత్తరు, చేతికి ఉల్లి వాసన, ఏదున్నా ముక్కు మోసపోతుంది. గ్లాసులు అల్మరాలో బోర్లించి పెట్టినవైతే చెక్క వాసన పట్టి ఉంటాయి. వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడండి. మనిషికి మూడు గ్లాసులు, మూడూ ఒకే ఆకారం. నోరు కాస్త దగ్గరకు వచ్చిన గ్లాసైతే వాసన నిలుస్తుంది.

గ్లాసుకు 50 మిల్లీలీటర్లు పోయండి. 750 మిల్లీలీటర్ల సీసా పదిహేను గ్లాసులకు వస్తుంది కాబట్టి ఆరుగురు కూర్చున్నా రెండో విడతకు మిగులుతుంది. ఉమ్మడానికి ఒక్కొక్కరికి ఒక పెద్ద కప్పు పెట్టండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, వృత్తిలో ఉన్నవాళ్ళంతా ఉమ్ముతారు. బండి నడపాల్సినవాళ్ళు అసలు రుచి చూడకపోవడమే సరైనది.

సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఒకరు చుట్టాలి, ఇంకొకరు కలిపేసి అంకెలు రాయాలి. లేబుల్ కనబడితే నాలుక లేబుల్ మాటే వింటుంది.

రుచి చూసే వరుస

1. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు రంగు చూడండి. ఊదా ఛాయ ఉంటే లేత వైన్, ఇటుక ఛాయ వస్తే వయసు మీరింది లేదా వేడి తగిలింది.
2. గ్లాసు కదపకుండా ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి.
3. ఒక చెంచాడు నోట్లోకి తీసుకుని ఐదారు క్షణాలు నోరంతా తిప్పి ఉమ్మండి.
4. పులుపు: ఉమ్మాక తల కాస్త వంచండి, లాలాజలం ఎంత ఊరితే అంత పులుపు.
5. వగరు: పై చిగుళ్ళ మీద నాలుక రాయండి, గరగరలాడితే వగరునిచ్చే టానిన్ ఎక్కువ.
6. ఘాటు: గొంతులో వెచ్చదనం ఆల్కహాల్‌ది.
7. రుచి ఎన్ని క్షణాలు నిలిచిందో లెక్కపెట్టి, ఒక్కోదానికి ఐదుకు మార్కులు వేయండి.

నోరు విప్పేముందు కాగితం మీద రాయాలి. ఒక్కరు ‘చాక్లెట్ వాసన’ అన్నారంటే మిగతావాళ్ళకూ వచ్చేస్తుంది.

మొదటి గ్లాసు ఎప్పుడూ కాస్త అన్యాయానికి గురవుతుంది. నోరు ఇంకా అలవాటు పడదు, పులుపు, వగరు ఎక్కువనిపిస్తాయి. ఎర్ర వైన్ వగరు గుక్క గుక్కకూ పేరుకుంటుంది కూడా. అందుకే 1-2-3 అయ్యాక నీళ్ళు తాగి, ఉప్పులేని రొట్టె ముక్క నమిలి, 3-2-1 వరుసలో మళ్ళీ చూడండి. రెండుసార్లూ నిలిచిన మాటే నమ్మండి.

నాలుక ఎంత చురుగ్గా ఉందో తేల్చుకోవాలంటే ఒక పరీక్ష ఉంది. రెండు గ్లాసుల్లో ఒకే వైన్, మూడో దాంట్లో వేరే వైన్ ఎవరిచేతనైనా పోయించి, తేడాగా ఉన్నదేదో కనిపెట్టండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి జవాబు సరైనదే అవుతుంది కాబట్టి నాలుగైదుసార్లు చేస్తేనే లెక్క.

ఏం కనబడుతుంది, ఎందుకు

బరోసా వేడి ప్రాంతం. కాయలో చక్కెర బాగా పెరుగుతుంది, ఆ చక్కెరే ఆల్కహాల్ అవుతుంది. లేబుల్ మీద 14 శాతం, ఆ పైన కూడా సహజమే. బాగా మగ్గిన నేరేడు, రేగిపండు జామ్ లాంటి రుచి, నిండుదనం ఉంటాయి. వెనిల్లా, కొబ్బరి వాసన వస్తే అది నేలది కాదు, అమెరికన్ ఓక్‌ది. ఇంకో మెలిక: అక్కడ పులుపు తగ్గితే టార్టారిక్ ఆమ్లం కలపడానికి అనుమతి ఉంది. పులుపు ఒక్కదాన్ని చూసి ఊరు చెప్పడం అందుకే కుదరదు.

ఉత్తర రోన్ సిరాలో పులుపు పైకి, ఆల్కహాల్ 13 దగ్గర, నల్ల మిరియాల వాసన ముందుకు వస్తాయి. ఆ వాసనకు కారణం రొటుండోన్ అనే పదార్థం, మిరియాల్లో ఉండేది కూడా అదే. వైన్‌లో దీన్ని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గుర్తించారు. చల్లటి చోట్ల పండిన కాయలో ఇది ఎక్కువ. అయితే దాదాపు ఐదుగురిలో ఒకరి ముక్కుకు ఇది అసలు అందదు. మీకు మిరియం తగలకపోతే పక్కవారితో వాదించకండి, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. పేయీ దాక్ సిరా తీసుకున్నవారికి మిరియం తక్కువగా, పండు ఎక్కువగా అనిపించవచ్చు. అది మధ్యధరా ఎండ.

నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. కాయ శీతాకాలంలో పండుతుంది, పగలు ఎండ, రాత్రి చలి, ఎండాకాలం ముదిరేలోగా కోత. మామూలు సీసాలు సాధారణంగా బరోసా కన్నా పలచగా ఉంటాయి.

మూడింటిలో ఏదీ తియ్యగా ఉండదు. గోవా పోర్ట్ తాగి అలవాటైనవారికి ఇది మొదట నిరాశే.

చెడిన వైన్‌ను ఊరికి అంటగట్టకండి

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ తెగులు, ఆ సీసా పక్కన పెట్టేయండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వస్తే బ్యాక్టీరియా పని. పండు వాసన లేకుండా ఉడికిన జామ్‌లా ఉంటే ఎండ తగిలింది. కుళ్ళిన గుడ్డు, కాల్చిన అగ్గిపుల్ల వాసన ఒక్కటే బాగుపడేది: మరో జగ్గులోకి గట్టిగా వంపి పావుగంట ఆగితే చాలాసార్లు పోతుంది.

పోలిక అయ్యాకే భోజనం. ఆవకాయ, కోడి వేపుడు కారానికి ఆల్కహాల్ తోడైతే మంట రెట్టింపు, వగరు కూడా ముదురుతుంది. బరోసా ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. నూనెలో వేగిన, కారం తక్కువ మటన్‌తో అదే వైన్ చక్కగా ఒదుగుతుంది. గోంగూర పులుపు ముందు ఎర్ర వైన్ చప్పబడుతుంది, అలాంటి రోజున చల్లటి, కొద్దిపాటి తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ తెరవండి.

మిగిలిన వైన్‌ను చిన్న సీసాలో మూతి దాకా నింపి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. సగం ఖాళీ సీసాలో వదిలేస్తే లోపలి గాలి మర్నాటి నుంచే దాన్ని పాడుచేయడం మొదలుపెడుతుంది.